వంగినప్పటి కొలత

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున పశువుల డాక్టరుగారి ఆస్పత్రి ముందు గదిలో మా గుంపు కలుస్తుంది. సగంమంది జంతువుల మీద బతికేవాళ్ళు, సగంమంది నాలాగా జంతువులు లేనిదే బతకలేనివాళ్ళు. కుక్కలకు స్నానం చేయించి జుట్టు కత్తిరించే షాపావిడ, చేపల తొట్లు అమ్మే ఆయన, ఇంకో పదిమంది. కొత్తవాళ్ళు చేరాలంటే పని గురించి చెబితే చాలదు, డాక్టరుగారి ముసలి కుక్క మీద చేసి చూపించాలి. వచ్చినవాళ్ళందరినీ గుమ్మంలో కూర్చుని ఎగాదిగా చూస్తాడని ఆ కుక్కని హెడ్మాస్టరు అంటాం.

ఈసారి నా తోడికోడలిని తీసుకెళ్ళాను. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణంలో పదకొండేళ్ళు పనిచేసింది. అది మూతపడ్డాక మూడు నెలలు ఇంట్లో కుట్టుమిషను మీద కప్పిన గుడ్డ తియ్యలేదు, నోరు విప్పి నాలుగు మాటలూ మాట్లాడలేదు. మా పిల్లికి ఆపరేషనయినప్పుడు, కుట్లు నాక్కోకుండా మెడకి తగిలించిన ప్లాస్టిక్ గరాటు ప్రతి గుమ్మానికీ కొట్టుకుంటుంటే చూడలేక, తనే బట్టతో మెత్తటి గరాటు కుట్టింది. ఈ గుంపులో ఒప్పుకుంటే డాక్టరుగారి దగ్గర పని దొరుకుతుంది. కాదంటే మిషను మీద మళ్ళీ గుడ్డ పడుతుందని నా భయం.

"అక్కా, చేతులు చల్లబడిపోతున్నాయి."

"సూది పడితే అవే వేడెక్కుతాయిలే, పద."

ముందు రోజే వచ్చి కొలత తీసుకుని కుట్టిన గరాటుని హెడ్మాస్టరు మెడకి కట్టింది. నీలం బట్ట, లోపల పల్చటి స్పాంజి, అంచుకి రెండు వరసల కుట్టు. నేను వెతికినా వంకర దొరకలేదు.

"మా చేపలక్కూడా కుడతావేంటమ్మా?" అన్నాడు తొట్లాయన.

"నీ చేపలకి మెడ ఎక్కడ ఏడిచింది?" అంది షాపావిడ.

అందరూ నవ్వుతుండగా డాక్టరుగారు నేలమీద బిస్కెట్టు వేశారు. హెడ్మాస్టరు తల వంచాడు. గరాటు చెవుల మీంచి జారి బిస్కెట్టు పక్కనే పడింది.

నవ్వు ఆగిపోయింది. తోడికోడలు గరాటు తీసుకుని మడత పెడుతుంటే, ఇక లేచి వెళ్ళిపోదామంటుందని నేను సంచి సర్దుకున్నాను.

"ఇంకో బిస్కెట్టు వేస్తారా?" అంది.

డాక్టరుగారు వేశారు. తను చీర కుచ్చిళ్ళు దోపుకుని నేలకి చెంప ఆనేంత కిందికి వంగి, వాడు తినేంతసేపూ మెడే చూసింది.

"ఇన్నేళ్ళూ పిల్లల్ని నిటారుగా నిలబెట్టి కొలిచాను. వీణ్ణీ తలెత్తించే కొలిచాను. తల దించితే మెడ సాగి సన్నబడుతోంది."

మూడో బిస్కెట్టు వేయించి, వాడు తింటుండగా చెవుల వెనక టేపు చుట్టింది.

"మరీ బిగించకు," అంటూ షాపావిడ కుర్చీ దిగి పక్కన కూర్చుంది. "రెండు వేళ్ళు దూరాలి, మూడోది దూరకూడదు. మా షాపులో బెల్టులకి అదే లెక్క."

"మీ వేళ్ళా, నా వేళ్ళా?"

"నావైతే ఏనుక్కి సరిపోతుంది. నీవే పెట్టు."

తోడికోడలు అక్కడే కుట్టు విప్పి, నాడా లోపలికి జరిపి, కుక్క మెడ బెల్టు దూరేలా మూడు చోట్ల ఉంగరాల్లా పట్టీలు కుట్టింది. అరగంట పట్టింది. ఎవరూ లేచి వెళ్ళలేదు. తొట్లాయన సూదిలో దారం ఎక్కించబోయి రెండుసార్లు గురితప్పి ఊరుకున్నాడు.

మళ్ళీ కట్టింది. హెడ్మాస్టరు బిస్కెట్టు తిన్నాడు, తల విదిలించాడు, వెనక కాలితో గోకాడు, తొడ నాక్కోబోయి అందక తోక పట్టుకోబోయాడు. అదీ అందలేదు. విసుగొచ్చి గరాటు మీదే గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

డాక్టరుగారు వంగి చూసి, "గురువారం రెండు కుక్కలకి ఆపరేషనుంది. పొద్దున్నే రాగలవా?" అన్నారు.

"పొద్దున వద్దండీ. ఆపరేషను రోజు వాటికి తిండి పెట్టరుగా. బుధవారం సాయంత్రం, వాటికి అన్నం పెట్టే వేళకి వస్తాను."

డాక్టరుగారు షాపావిడ వంక చూశారు. "పేరు రాసుకోండి," అంది ఆవిడ.

ఇంటికి నడుస్తుంటే తోడికోడలు గడగడా మాట్లాడుతూనే ఉంది, పిల్లుల మెడల గురించి, స్పాంజి మందం గురించి. టేపు సంచిలో పెట్టడం మరిచిపోయి మెడలోనే వేసుకుంది. నేను గుర్తు చెయ్యలేదు.