పప్పు ఉడికే బావి

పప్పు ఉడకని ఊళ్లో ఇల్లు కొనేది లేదని లక్ష్మక్క వయసులో ఉన్నప్పుడే ఒట్టు పెట్టుకుంది. ఇల్లు కొనే రోజు వచ్చేసరికి మాత్రం ఆమె తల నెరిసింది, మొగుడు కొండన్న నౌకరీ నుంచి దిగిపోయాడు.

కొండన్నది అడవి శాఖలో చౌకీదారు పని. చివరి ఏళ్లన్నీ అల్లపల్లి కలప డిపోలోనే గడిచాయి గానీ, పెళ్లయిన కొత్తలో లోపలి అడవిలో కలప బండ్లను ఆపి చూసే ఒక నాకా దగ్గర కాపలా ఉండేవాడు. అక్కడో చేదబావి. నీళ్లు తాగడానికి బాగానే ఉండేవి. పప్పు మాత్రం పొద్దున పొయ్యి మీద పెడితే మధ్యాహ్నానికి కూడా గింజకు గింజ అంటేది కాదు. "మీ అమ్మ నీకు పప్పు వండుడు గూడ నేర్పలేదా?" అని అత్త రోజూ ఎత్తిపొడిచేది. కొత్త కోడలు గొట్టంతో పొయ్యి ఊదుతూ, పొగ వంక పెట్టుకుని ఏడ్చేది. బదిలీ అయి ఇంకో ఊరి నీళ్లు దొరికాక, అదే పప్పు, అదే చెయ్యి, వెన్నలా ఉడికింది. తప్పు నీళ్లదని అప్పుడు తెలిసింది. అప్పటికి అత్త పోయింది. ఒక్క ముద్ద ఆమెకు పెట్టి, "సూడు, నాకు వండుడు వచ్చు" అనలేకపోయానే అని లక్ష్మక్కకు ఇప్పటికీ బాధే.

ఆ తర్వాత ఎన్ని ఊళ్లు మారినా అన్నీ సర్కారు క్వార్టర్లే. గోడకు మేకు కొట్టాలన్నా శాఖలో పై సాయెబును అడగాలి. పుట్టింటివాళ్లు పెళ్లికి ఇచ్చిన నిలువుటద్దం ఒకటి ఉంది ఆమెకు. అడగడానికి మొహమాటపడి దాన్ని ఏ ఊళ్లోనూ గోడకు తగిలించలేదు. ఎప్పుడూ నేల మీదే, గోడకు ఒరిగి, ముఖం చూసుకోవాలంటే గొంతుక్కూర్చోవాల్సిందే.

ఎనభై నాలుగు ఎండాకాలంలో కొండన్న రిటైరయ్యాడు. మిరుగం కార్తె లోపు క్వార్టరు ఖాళీ చేయమని సాయెబు చెప్పాడు. పాపం మెత్తగానే చెప్పాడు గానీ, కొత్త చౌకీదారు పిల్లాజెల్లాతో కాచుకుని ఉన్నాడు. వానలు మొదలయ్యేలోపు తలదాచుకునే చోటు చూసుకోవాలి.

ఉన్న డబ్బుకు ఎక్కడ దొరుకుతుంది ఇల్లు? అల్లపల్లిలో ఎటు చూసినా జాగా అడవి శాఖదే. గడ్చిరోలి కొత్తగా జిల్లా అయింది, అయిన మర్నాటి నుంచే అక్కడి ధరలు చెట్టెక్కి కూర్చున్నాయి. అహేరిలో ఒక ఇంటి ధర విని కొండన్న చెప్పులు కూడా విడవకుండా వెనక్కి తిరిగాడు. ఇక మిగిలినవి జిమల్‌గట్ట, సిరొంచ.

"సిరొంచకా? ఆడికి పోతే సడకే ఖతమైతది గదనే!" అన్నారు డిపో వాళ్లు.

"ఖతమైతేనే మంచిది. ఇగ నన్నెవలు బదిలీ జెయ్యరు" అన్నాడు కొండన్న.

ఊరు ఎంచుకోవడంలో మొగుడూ పెళ్లాలకు చెరో పరీక్ష ఉంది. బతుకంతా కలప మధ్య తిరిగినవాడు కాబట్టి కొండన్న ఏ ఇంటికి వెళ్లినా ముందు తలుపులు, దూలాలు వేలి గణుపుతో కొట్టి చూస్తాడు. లక్ష్మక్కది పప్పు పరీక్ష. పరీక్ష అన్నాక అన్ని ఊళ్లకూ ఒకటే పప్పు ఉండాలని ఆమె పట్టు. ఇక్కడ ఒక పప్పు, అక్కడ ఒక పప్పు అయితే నీళ్ల గుణం ఎట్లా తెలుస్తుంది? అందుకే తమ్ముడి చేనులో పండిన కందిపప్పు ఒక మూట కట్టి అటక మీద దాచింది. మొగుడు మొదటిసారి రిటైరు మాట ఎత్తిన నాడు కట్టిన మూట అది. ఎంత ఇబ్బంది వచ్చినా వంటకు దాన్ని ముట్టలేదు.

జిమల్‌గట్టలో చూసిన ఇంట్లో పప్పు ఉడకలేదు. కొండన్న పెద్దగా బాధపడలేదు, అక్కడి వాసాలు ఎలాగూ అతనికి నచ్చలేదు. ఆ మర్నాడు సిరొంచ బస్సెక్కారు.

సిరొంచలో వెంకటవ్వ అనే ముసలామె ఇల్లు చూసినప్పుడు మాత్రం ఇద్దరికీ మనసు పడింది. దర్వాజకు టేకు, దూలాలకు టేకు. కొండన్న కొట్టిన చోటల్లా కంచులా పలికింది. వెనక చిన్న పెరడు, పెరట్లో బావి, ప్రాణహిత మీది నుంచి వచ్చే చల్లగాలి. వెంకటవ్వకు మొగుడు లేడు. పక్క సందులో ఉంటున్న చెల్లెలు యాదక్కదీ అదే పరిస్థితి. ఇద్దరం ఒక్కచోటే ఉందామనుకుని ఈ ఇల్లు అమ్ముతోంది. చెప్పిన ధర కూడా వీళ్ల చేతికి అందేదే. లక్ష్మక్క అద్దం ఏ గోడకు పెట్టాలో కూడా మనసులో అనుకుంది.

పెరట్లో మూడు రాళ్లు పెట్టి, గిన్నె ఎక్కించి, ఆ బావి నీళ్లు పోసి, మూటలోని పప్పు వేసింది. మంట మండింది, నీళ్లు మరిగాయి, మళ్లీ పోసింది, మళ్లీ మరిగాయి. పప్పు మాత్రం గులకరాళ్లలా అడుగున కూర్చుంది.

లక్ష్మక్కకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే నోరు కాస్త పెద్దగా లేచింది. "ఇల్లు బంగారమే గని అవ్వా, నీ బాయి మంచిది గాదు. ఈ నీళ్లల్ల పప్పుడుకది!"

గోడ అవతలి ఆడవాళ్లు కూడా విన్నారు. వెంకటవ్వ ముఖం నల్లబడింది. "ఈ నీళ్లతోనే గదనే నా సంసారమంత ఎల్లింది" అంది. అమ్మేవాళ్లు ఎవరైనా అట్లాగే అంటారనుకుంది లక్ష్మక్క. మిగిలిన పప్పు మూట కట్టుకుని తిరుగు బస్సెక్కారు.

ఇంకో ఊరు వెతకాలన్నా వెతకడానికి ఊరు మిగల్లేదు. మిరుగం దగ్గరికొచ్చింది. ఆకాశంలో ఒక మబ్బు తునక కనబడితే లక్ష్మక్క గుండె గుభేలుమనేది. అట్లాంటి ఒకనాడు ఇంట్లో పప్పు నిండుకుంది. అంగడి రోజు ఇంకా రాలేదు. ఇక పరీక్షలు ఏమున్నాయి గనక అని విసుక్కుంటూ మూట విప్పి, మిగిలిన పప్పు పొయ్యి మీద పెట్టింది.

అల్లపల్లి నీళ్లు. ఇన్నేళ్లు వండిన నీళ్లు. కొండన్న పళ్లెం ముందు కూర్చుని కూర్చుని, చివరికి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కటుక్కున కొరికాడు.

"ఏందే, ఈ నీళ్లు గూడ ఖరాబైనయా?"

లక్ష్మక్క గిన్నెలోకి చూసింది. నాలుగు గింజలు తీసి వేళ్ల మధ్య నలిపింది. నలగలేదు. గిన్నె ముందే చతికిలబడి, "నీళ్లు మంచిగనే ఉన్నయి. పప్పే పాతది. ఏండ్లకేండ్లు దాసి దాసి రాళ్లు జేసిన" అంది.

కొండన్నకు ముందు నవ్వొచ్చింది. "ఊళ్లన్ని తిరిగి తిరిగి పప్పుల కాలేసినం గదనే!" ఆమె ముఖం చూసి నవ్వు మింగేశాడు. లక్ష్మక్కకు నవ్వు రాలేదు. నీళ్ల తప్పు అత్త తన మీద వేసింది. పప్పు తప్పు తాను వెంకటవ్వ బావి మీద వేసింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు. అది కూడా నలుగురూ వినేటట్టు. ఆ ముసలామె ముఖం నల్లబడడం కళ్ల ముందు నిలిచింది.

అంగడి రోజు కొత్త పప్పు కొన్నారు. మర్నాడే సిరొంచ బస్సు ఎక్కారు. ఇల్లు అమ్ముడుపోయి ఉంటుందేమోనని దారి పొడుగునా లక్ష్మక్క మొక్కని దేవుడు లేడు.

బస్సు దిగి సమ్మన్న హోటల్లో చాయ్ తాగుతుంటే, ఎవరింటికని అడిగాడు సమ్మన్న. చెప్పారు.

"ఆ పప్పుడుకని బాయి ఇల్లా? తునికాకు కంట్రాక్టరు తాన గుమాస్తా లేడూ, గోపాల్‌రావు, ఆయన కొంటనన్నడు. నీళ్ల ముచ్చట ఇని ఎనుకకు జరిగిండు. ఇప్పుడు ఆ దిక్కు ఎవలు సూస్తలేరు" అన్నాడు.

కొండన్న కళ్లు మెరిశాయి. పెళ్లాన్ని పక్కకు తీసుకుపోయి చెవిలో అన్నాడు: "సూసినవా, మన కోసమే ఆగింది ఇల్లు! జర నోరు మూసుకో. ముందు కొందాం. కొన్నంక ఊరందరికి పప్పు వండి పెట్టు, నేనొద్దంటనా?"

"నేను జెయ్య."

"నువ్వు బాయి మంచిదని సాటిస్తే గోపాల్‌రావు మళ్లొస్తడే! ఆయన తాన పైసలున్నయి. మిరుగం నెత్తి మీదున్నది, మనం యాడుంటం?"

లక్ష్మక్క ఆగిపోయింది. అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అద్దం, సామాను, తామిద్దరూ వానలో నిలబడినట్టు కళ్లకు కట్టింది. "భయమైతున్నది నాకు గూడ. కని బాయికి పేరు పెట్టింది నేను. ఆ పేరు అడ్డం పెట్టుకుని ఇల్లు కొంటే, ఆ నీళ్లు గొంతు దిగుతయా?" అని నడిచింది. కొండన్న ఉసూరుమంటూ వెనక నడిచాడు.

వెంకటవ్వ గడపలోనే నిలబడింది. "మళ్లెందుకొచ్చినవ్? బాయి అయిపోయింది, ఇగ ప్రాణహిత గంగకు గూడ వంక పెట్టిపోతవా?"

"తప్పైంది అవ్వా" అంది లక్ష్మక్క, సందంతా వినపడేటట్టు.

"మెల్లగనే, నాకు చెముడు లేదు."

"ఆనాడు పెద్దగ అన్న. ఇయ్యాల సన్నగ అంటే ఎట్ల? నా పప్పే పాతది అవ్వా. నీ బాయి తప్పేం లేదు. నలుగుర్ని పిలిచి వండి సూపెడత, నన్ను లోపలికి రానియ్యి."

వెంకటవ్వ ఆమెను ఎగాదిగా చూసి పక్కకు తప్పుకుంది. లక్ష్మక్క బొక్కెన అందుకోబోతే మాత్రం గుంజుకుని, "నా నీళ్లు నేనే తోడుత" అంది.

యాదక్క వచ్చింది. గోడ అవతలివాళ్లు ఇవతలికి వచ్చారు. ఏదో తమాషా జరుగుతోందని విని గోపాల్‌రావు కూడా వచ్చి పెరటి వాకిట్లో నిలబడ్డాడు. ఆయన్ను చూసి కొండన్న తల పట్టుకున్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవడానికి లక్ష్మక్క కూర్చుంది. పప్పు పోసింది, మంట ఎగదోసింది. నురగ పొంగింది, తీసేసింది. ఈ పప్పు కూడా మొండికేస్తే ఏం గతి? వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక గిన్నెనే చూస్తూ కూర్చుంది. కాసేపటికి గింజ పగిలింది. ఇంకాసేపటికి ఒకదాన్నొకటి అంటుకున్నాయి. గరిటెతో మెదిపితే వెన్నలా మెదిగింది.

"ఉడికింది!" అని అందరికంటే ముందు అరిచింది యాదక్క.

గోపాల్‌రావు వంగి, ఒక్క గింజ వేలితో నలిపి చూశాడు. "ఇగ ఏం ఫికర్ లేదు. వెంకటవ్వా, ఇల్లు నేనే తీసుకుంట. వీళ్లు ఇచ్చేదాని మీద ఎంతో కొంత ఎక్కువనే ఇస్త" అన్నాడు.

కొండన్న గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. లక్ష్మక్క తల ఎత్తలేదు. అనుకున్నదే అయింది. అయినా గుండెల మీది బరువు మాత్రం దిగింది. ఎప్పుడూ తినిపించలేకపోయిన ఆ ముద్ద ఇవాళ ఎవరికో తినిపిస్తున్నట్టుగా, ఆకులో అన్నం పెట్టి, పప్పు పోసి, వెంకటవ్వ ముందు పెట్టింది.

వెంకటవ్వ నిదానంగా తిన్నది. ఆకు ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని అప్పుడు మాట్లాడింది.

"గోపాల్‌రావూ, నువ్వు ఉండేది ఈ ఊళ్లెనే. నా బాయి మీద మాట వుట్టంగనే అటు మొకాన తిరిగినవ్. ఒక్క చెంబెడు తోడుకపోయి సూసినవా? అల్లపల్లి నుంచి బస్సెక్కి మళ్లొచ్చింది ఈ పిల్ల. పేరు చెడగొట్టింది ఆమెనే, బాగుజేసింది ఆమెనే. ఇగ దాన్ని సూసుకునేది గూడ ఆమెనే. ధర నేను ముందు చెప్పిందే."

గోపాల్‌రావు చుట్టూ ఉన్న ఆడవాళ్లను చూసి పెరటి వాకిట్లోంచే జారుకున్నాడు.

"కని ఒక్క మాట" అని లక్ష్మక్క వైపు తిరిగింది వెంకటవ్వ. "యాదక్క ఇంట్ల బాయి లేదు. నా బొక్కెన, నా చేంతాడు ఈడనే ఉంటయి. నేనెప్పుడొస్తే అప్పుడు తోడుకుంట. అడ్డం చెప్పొద్దు."

"నీ బాయి అవ్వా అది" అంది లక్ష్మక్క. ఇన్ని రోజుల భయం ఒక్కసారిగా వదిలి భోరుమని ఏడ్చింది. ఈసారి పొయ్యి ఆరిపోయి ఉంది, పొగ మీద నెట్టడానికి కూడా లేదు.

మిరుగానికి ముందే సామాను వచ్చింది. మొదటి వాన పెంకుల మీద పడుతున్న రోజు, నీళ్ల కోసం వచ్చిన వెంకటవ్వ లోపలికి తొంగి చూసింది. లక్ష్మక్క అద్దం ఒక చేత్తో, మేకు ఇంకో చేత్తో పట్టుకుని గోడ ముందు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో.

"అవ్వా, ఈ గోడకు మేకు కొట్టుకోవచ్చునా?"

వెంకటవ్వకు అర్థం కాలేదు. "నీ గోడకు నువ్వు మేకు కొట్టుకునేటందుకు నన్నెందుకు అడుగుతవే, పిచ్చిదానా?"

లక్ష్మక్క నవ్వింది. కొండన్న పెరట్లోకి పోయి, పప్పు వండిన మూడు రాళ్లలో ఒకటి తీసుకొచ్చి ఇచ్చాడు.