చేపపిల్ల గుండెకు సరిపడే వెలుగు

మా వదిన చేపపిల్లలకి ఆ రోజు సాయంత్రం దాకానే గడువు. ఒళ్ళు గాజులా ఉన్నంతసేపే లోపల గుండె కనిపిస్తుంది, చర్మానికి రంగు పట్టిందంటే ఇక చూడటానికేం ఉండదు. ఆ రకం చేపల గుండెలో కవాటం సరిగ్గా మూసుకోదు, ముందుకెళ్ళిన రక్తం వెనక్కి వచ్చేస్తుంది. గుడ్డులో ఉండగానే దాన్ని బాగుచేశానని వదిన అంటుంది. రెండేళ్ళ కష్టం. కళ్ళతో చూడందే నమ్మనని వాళ్ళ ల్యాబు డైరెక్టరు.

చూడాలంటే ఆ గుండె కణాలు మెరవాలి. అవి మెరవడానికి పదకొండు వందల ముప్పై అయిదు నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న వెలుగు కావాలి. నా లేజరు ఇచ్చేది వెయ్యిన్నీ ముప్పై. "అదెంత పని, నేనిస్తాగా" అని గొప్పగా మాటిచ్చింది నేనే.

నిజానికి పెద్ద పనేం కాదు. వెలుగును ఒక క్రిస్టల్లోంచి పంపితే లోపలి అణువులు ఊగుతాయి, ఆ ఊపుకి కొంచెం శక్తి ఉంచేసుకుని మిగతా వెలుగును వేరే రంగులో వదులుతాయి. దీన్నే రామన్ పద్ధతి అంటారు. కానీ మూడు వారాలుగా నా బల్ల మీద ఆ రంగు జాడే లేదు. క్రిస్టల్ అవతల ఇంద్రధనుస్సు మాత్రం బ్రహ్మాండంగా పడుతోంది. చూడ్డానికి ముచ్చటే, పనికి సున్నా.

మా లేజరు గదిలో పరువంతా పల్సు, అంటే లేజరు ఒక్కోసారి విసిరే వెలుగు తునక, ఎంత పొట్టిగా ఉందన్న దాంట్లోనే ఉంటుంది. గోడ మీద బోర్డులో అందరికన్నా పైన నేనే. సెకన్ను లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కలో అయిదో వంతు కూడా ఉండదు నా పల్సు. దాన్ని సాగదీసే మరకి నేనే టేపు వేసి, "ముట్టుకుంటే చెయ్యి విరుస్తా" అని రాసిపెట్టాను.

మూడింటికి వదిన కిందికొచ్చి, రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని స్టూలు మీద కూలబడింది.

"ఎంతవరకు వచ్చిందే?"

"ఇంకాస్త పొట్టి చేస్తే దెబ్బ గట్టిగా పడుతుంది వదినా. అప్పుడెందుకు రాదో చూస్తా."

"పొద్దున కూడా ఇదే చెప్పావ్. ఆడబిడ్డ అర్ధమొగుడంటే ఏమో అనుకున్నా. మీ అన్నే నయం." కాసేపు ఇంద్రధనుస్సు కేసి చూసి, "అవునూ, ఆ అణువులు ఊగడానికి ఎంతసేపు పడుతుంది?" అంది.

"అదెందుకు ఇప్పుడు?"

"ఊరికే అడిగాలే. మా చేపకి మందెక్కడానికి పావుగంట పడుతుంది. రెండు నిమిషాలకే నీళ్ళు మార్చేస్తే మందు దండగ."

విసుక్కుంటూనే నోట్‌బుక్ తిప్పాను. అంకె మొదటి పేజీలోనే ఉంది, నా చేతిరాతే. అణువులు పూర్తిగా ఊపందుకోడానికి పట్టే కాలం నా పల్సుకి పదింతలు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను. అణువులు కదిలే లోపే నా పల్సు దాటిపోతోంది, దాని దెబ్బకి వెలుగు ఇంద్రధనుస్సుగా చెదిరిపోతోంది. నేనేమో రోజురోజుకీ దాన్ని ఇంకా పొట్టి చేస్తూ వచ్చాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

టేపు పీకి మర వెనక్కి తిప్పాను. పల్సు సాగుతున్నకొద్దీ ఇంద్రధనుస్సు మాసిపోయింది. ఉన్నది కూడా పోయిందేంటని వదిన కంగారుపడింది. ఇప్పుడు దెబ్బ మెత్తన కాబట్టి క్రిస్టల్ ఇంకా ఎక్కువ వెలుగుకి తట్టుకుంటుంది. శక్తి పెంచాను. రంగుల్ని కొలిచే యంత్రం తెర మీద గీత పదకొండు వందల ముప్పై అయిదు దగ్గర చిన్నగా ఉబ్బి, చూస్తుండగానే నిలువునా లేచింది.

"అదేనా?"

"అదే వదినా, అదే. నువ్వెళ్ళి చేపల్ని పట్రా."

ఆవిడ మెట్లు దిగొచ్చేసరికి, కణాలు మెరవాలంటే పొట్టి పల్సే కావాలి కాబట్టి, రంగు మారిన పల్సును మళ్ళీ కుదించి పక్కగది మైక్రోస్కోపుకి పంపాను. రంగు పట్టనివి నాలుగే మిగిలాయట. మొదటిదాన్ని పెట్టింది. తెర మీద గుండె ఎర్రగా వెలిగింది, కొట్టుకుంటోంది. వదిన పెదాలు కదులుతున్నాయి, కొట్టుకున్న ప్రతిసారీ లెక్కపెడుతోంది. ఇరవై దాటింది, ముప్పై దాటింది. కవాటం రెండు రెక్కలూ ప్రతిసారీ వచ్చి కలుస్తున్నాయి. రక్తం ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

నూరు దాకా లెక్కపెట్టి ఫోను తీసింది.

"సార్, కిందికి రండి, మీ కళ్ళతోనే చూద్దురుగాని," అంది. "ఫొటో కాదు సార్, కదుల్తోంది."