గురక వినపడిన పొద్దు

"ఒరేయ్ పానకాలూ, ఆ మాత్రలేసుకుని నిద్రలోనే పోతావేమోరా. నాకు భయంగా ఉంది" అంది రమణమ్మ.

చలమయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "సందేళ పూట ఏం మాటలే అవి? పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. నోరు కడుక్కో పో."

రమణమ్మ నిజంగానే లేచి, పెరట్లోకి వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చింది. కొడుకు నవ్వాడు.

"అమ్మ మాటలన్నీ జరిగేట్టయితే నేనీపాటికి ఎన్నిసార్లు పోవాల నాన్నా? మగ్గం గుంటలో పాముందంది, లేదు. కొండ మెట్ల మీద జారతావంది, జారలేదు. తథాస్తు దేవతలు మన వీధికి రావడం ఎప్పుడో మానుకున్నారు."

"సైకిలు మీంచి పడతావన్నా. పడలేదా?" అంది రమణమ్మ.

ఆ మాట మాత్రం నిజమైంది. ఎనభై అయిదో సంవత్సరం, మిరపకాయల కాలం. గుంటూరు నుంచి నూలు కట్ట వేసుకుని మంగళగిరి వస్తుంటే, బస్తాలు ఆకాశానికెత్తిన లారీ ఒకటి మీదికొచ్చింది. తప్పించుకోబోయి రోడ్డు దిగి పడ్డాడు. నడుము పట్టేసింది. గుంటలో కాళ్ళు పెట్టుకుని పొద్దస్తమానం కూచుని చీర నేసేవాడికి నడుమే ఆస్తి.

గుంటూరు బ్రాడీపేట డాక్టరు తెల్ల మాత్రలు రాశాడు. అవి వాడినా రాత్రిళ్ళు కన్ను మూతపడటం లేదని పానకాలు ఊళ్ళో డాక్టరు దగ్గరికీ వెళ్ళాడు. ఇదివరకు ఏం వాడుతున్నావని ఆయన అడగలేదు. ఒక డాక్టరు ముందు ఇంకో డాక్టరు పేరెత్తితే చిన్నబుచ్చుకుంటాడేమోనని ఇతనూ చెప్పలేదు. ఆయన గులాబీరంగువి ఇచ్చాడు. తెల్లవి నొప్పికి, గులాబీవి నిద్రకు అని ఇంటిల్లిపాదీ అనుకున్నారు. అయిదో తరగతి చదివిన రమణమ్మకు తెలుగైతే కూడబలుక్కుంటే వస్తుంది గానీ, ఆ అట్టల మీదున్నది ఇంగ్లీషు.

"రేపు పొద్దున్నే మన పడుగుంది. ఇవాళన్నా నిద్ర పట్టకపోతే నడుం నిలబడదు" అన్నాడు పానకాలు, చెయ్యి కడుక్కుంటూ. "నన్ను లేపు నాన్నా."

పడుగంటే ఒక్క ఇంటి పని కాదు. నిలువు దారాలను వీధి పొడవునా చాపి, ఎండ ముదిరేలోగా గంజి పట్టించి కుంచెతో తోమాలి. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళంతా చెయ్యి వెయ్యాలి. మన పడుగుకి మనవాడే రాలేదంటే తలవంపులు.

తెల్లవారకముందే దారాలు పరిచారు. గంజి గిన్నె పట్టుకొస్తూ రమణమ్మ గడప దగ్గర ఆగింది. లోపల నుంచి గురక. ఆగి ఆగి, గొంతులో నీళ్ళు కదులుతున్నట్టు.

"ఏవయ్యా, వాడింకా లేవలేదు. గురక అదో రకంగా ఉంది. లేపనా?"

చలమయ్య కుంచె ఆపి చెవి ఒగ్గాడు. మొహం విప్పారింది. "కొండ మీద సామి పానకం గుటకేస్తున్నట్టు లేదూ? ఇన్నాళ్ళకి పట్టింది నిద్ర. పడుకోనీవే. ఇవాళన్నా నీ నోటికి సెలవియ్యి."

పడుగుకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు నవ్వారు. రమణమ్మా నవ్వింది. బుద్ధెరిగాక ఎప్పుడూ లేనిది, ఆ పొద్దున ఒక మంచి మాటని మనసారా నమ్మింది.

కొండ మీద స్వామి నోట్లో పానకం పోస్తే గుటగుటమని తాగి, సగంలో ఆపేస్తాడంటారు. ఎండ దారాల మీదికి వచ్చేవేళకు లోపలి చప్పుడూ అలాగే ఆగింది.

గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు ఖాళీ అట్టలు తిప్పి తిప్పి చూశాడు. "రంగులే వేరమ్మా. రెండిట్లోనూ మత్తే. నిద్ర రాలేదని మళ్ళీ మళ్ళీ వేసుకున్నట్టున్నాడు. పాపం, తెలియక." గురక సంగతి విని, "అది గురక కాదు, ఊపిరందని చప్పుడు" అన్నాడు.

పెద్దకర్మ నాడు చలమయ్య చెల్లెలు వెంకటేశ్వరమ్మ ముక్కు చీదుకుంటూ అననే అంది. "అంత మాట ఎందుకన్నావు వదినా? తథాస్తు దేవతలు పైన పొంచి ఉంటారని అన్నయ్య చెబుతూనే ఉన్నాడు గదా."

జనం వెళ్ళాక రమణమ్మ మొగుడి ముందు నిలబడింది.

"నా నోటి వల్లేనంటావా?"

చలమయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఆ ఇంట్లో మాట లేదు. మగ్గంలో నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడొక్కటే. కొడుకు మగ్గం గుంట మీద బల్ల పరిచారు. రమణమ్మకు భయాలు తగ్గలేదు. పిడుగు పడుతుందేమో, ఆయనకు గుండె పట్టేస్తుందేమో అని గొంతు దాకా వచ్చేవి. పెదాలు బిగించి దిగమింగేది. ఆయన మొహం చూస్తే జవాబు అక్కడే ఉన్నట్టుండేది. అవును, నీ నోటి వల్లే.

వానలు వచ్చి వెళ్ళాయి. పత్తి పగిలే రోజుల్లో నూలు అయిపోయింది. చలమయ్య కొడుకు సైకిలు బయటికి తీశాడు. గుంటూరు రోడ్డు. రమణమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది.

చలమయ్య వెనక తాడు కట్టాడు. సీటు తుడిచాడు. బెల్లు నొక్కి చూశాడు. కట్టిన తాడు విప్పి మళ్ళీ కట్టాడు. కాలు పెడలు మీదికి పోదు. వెనక్కి తిరిగి చూడడు, కదలడు.

ఏం మరిచిపోయాడు? రమణమ్మ చూస్తూ ఉంది. చూడగా చూడగా తెలిసింది. ఆయన వింటున్నాడు. ఇన్నేళ్ళూ ఆ గడప దాటేముందు చెవినబడ్డ ఆమె భయం మాట కోసం నిలబడ్డాడు.

అంటే ఏమవుతుందో. అనకపోతే ఆయన కదిలేట్టు లేడు.

"లారీలు మీదికొస్తాయి" అంది చివరికి. ఆ గొంతు తనది కానట్టుంది. "కనపడగానే దిగి నిలబడు."

చలమయ్య హ్యాండిలు వదలకుండానే వెనక్కి తిరిగాడు. పక్కింట్లో ఎవరో నూలు చుట్టే ఆసు తిప్పుతున్న చప్పుడు వచ్చి, ఆగింది.

"నీ నోటి వల్ల కాదు రమణా" అన్నాడు. "లేపనా అని నువ్వడిగావు. పడుకోనీమన్నది నేను."