బుట్ట కింద ఏనుగు

హెడ్మాస్టరుగారు పదవీ విరమణ చేసి ఏళ్ళు గడిచినా, చొక్కా చేతుల గుండీలు మణికట్టు దాకా పెట్టుకోవడం మానలేదు; ఎదుటివారి ఇంగ్లీషు దిద్దడమూ మానలేదు. అందుచేత వియ్యంకుడైన పళ్ళ డాక్టరుగారు ఫోనుకు పంపిన సందేశం ఆయనకు పంటికింద రాయిలా తగిలింది.

“బావగారూ, రేపు సాయంత్రం వస్తున్నా. ఆట రీస్టార్ట్ చేద్దాం.”

“చూశావటే ఎత్తుగడ!” అన్నారు భార్యతో. “రీస్టార్ట్ అంటే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం. ఆగినచోట అందుకోవడమైతే రెజ్యూమ్ అనాలి. నేను గెలవబోయే ఆటని ఈయనగారు ఒక్క మాటతో తుడిచేస్తారా?”

“రెండు నెలలకి మనిషి మెత్తబడి వస్తానంటే, మాటకి మార్కులు వేస్తారేమిటండీ? మీకున్నది ఒక్కగానొక్క స్నేహితుడు. ఇదీ చెడిందంటే ఇక గోడతో ఆడుకోండి.”

నిజం కనుక ఆ మాట గుచ్చుకుంది. రెండు నెలల కిందటి ఆ చదరంగంలో హెడ్మాస్టరుగారి ఏనుగు ఇంకొక్క ఎత్తు వేస్తే ఎదుటి రాజుకు ఆటకట్టు. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు, “ఈ ఏనుగు పక్క గడిలో కదా ఉండాలి? మీరే జరిపారు” అన్నారు. జీవితమంతా పరీక్షల్లో కాపీలు పట్టినవాణ్ణి దొంగనంటారా అని ఈయన లేచారు. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. నాటినుంచి సాక్ష్యం చెరగకూడదని భోజనాల బల్లపై బోర్డు మీద బుట్ట బోర్లించి ఉంది. దంపతులు బల్ల మూలకు ఒదిగి భోంచేస్తున్నారు.

“రెజ్యూమ్ అనండి” అని జవాబు పంపారు. అటునుంచి బొటనవేలి బొమ్మ ఒక్కటి వచ్చింది. ఒప్పుకోలా, ఎగతాళా? నిఘంటువులో బొటనవేళ్ళకు అర్థాలు లేవు.

మర్నాడు సాయంత్రం దుమ్ము తుడుద్దామని బుట్ట ఎత్తారు. గడుల మీదుగా చెయ్యి చాపగానే చొక్కా అంచు తగిలి ఏనుగు కాస్తా దొర్లిపోయింది. తీసి ఒక గడిలో పెట్టారు. సరిగ్గానే ఉంది. పక్క గడిలో పెట్టారు. అదీ సరిగ్గానే ఉంది! అప్పుడు తట్టింది ఆయనకు. ఆ రోజు కాఫీ కప్పు అందించడానికి చాపినదీ ఈ చెయ్యే, ఈ గడుల మీదుగానే.

ఇంతలో గంట మోగింది. డాక్టరుగారు వచ్చి కూర్చునేసరికి ఏనుగు ఇంకా హెడ్మాస్టరుగారి గుప్పిట్లోనే ఉంది. దాచడానికి ఎంతోసేపు పట్టదు. ఆయన వేళ్ళు విప్పారు.

“బావగారూ, ఇది ఎక్కడుండేదో నాకు తెలియడం లేదు. నా చొక్కా చెయ్యే జరిపిందేమో కూడా.”

డాక్టరుగారు నోరు తెరిచారు. “మీకు తెలియకపోవడమేమిటండీ? నేనే పొరబడ్డాననుకుని, సిగ్గు చంపుకుని వచ్చాను కదా!”

“అయితే మనలో ఎవరిది తప్పు?”

“అదే నాకూ అర్థం కావడం లేదు.”

“ముందా చొక్కా చేతులు పైకి మడవండి, కాఫీ తెస్తున్నా” అని లోపలినుంచి హెచ్చరిక వచ్చింది.

హెడ్మాస్టరుగారు ఏళ్ళ తరబడి విప్పని గుండీలు విప్పి చేతులు మడిచారు. ఏనుగును రెండు గడుల మధ్య గీత మీద నిలబెట్టారు.

“కానివ్వండి. వంతు మీదే.”

“కాదు, మీదనుకుంటా.”