అలల కింద పేరు

బషీరా ఓ చిన్న బొమ్మలో అల అంచున పచ్చరంగు పల్చగా లాగి ఆపింది. ఎండ నీళ్లలోంచి ఇవతలికి దిగే చోటు అది. అక్కడ రంగు మందమైతే అల గోడలా నిలబడిపోతుంది. బ్రష్షు గుడ్డకి తుడిచి, నురగ కోసం తెలుపులో రవ్వంత పసుపు కలిపింది. ఉత్త తెలుపు పెడితే సున్నం కొట్టినట్టుంటుందని ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్లుగా వేస్తూ వేస్తూ తెలుసుకుంది.

బందరు కోనేరు సెంటరు వెనక సందులో రామబ్రహ్మం మాస్టారి స్టూడియో. కొనేవాళ్లకి నీలం సముద్రం కావాలి. దగ్గర్లోని మంగినపూడి బీచిలో నీళ్లేమో బురదరంగు. బషీరా ప్రతి అల కడుపులోనూ కాస్త మట్టిరంగు కలిపేది. మాస్టారి అలలు కదులుతున్నట్టే ఉంటాయని జనం అనేవారు.

ఆమె భర్త ముస్తాక్ షాపుల బోర్డులు రాసేవాడు. అతను పోయాక, బ్రష్షులు కడిగే పనికి ఇక్కడ చేరింది. రెండో ఏడు మాస్టారి కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఓ రోజు ఆయన సగంలో వదిలేసిన అలని ఆమె పూర్తి చేసింది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ అమ్మా," అన్నారు. అప్పట్నుంచీ అలలు ఆమెవి, కింద సంతకం ఆయనది.

గుడివాడ ఫంక్షన్ హాలుకి ఎనిమిదడుగుల సముద్రం కావాలని అడిగినప్పుడు మాత్రం ఆయనే అన్నారు, "దీని మీద నీ పేరూ వేద్దాం బషీరా. నా పేరు పక్కనే." ఆ మాట ఆమె కూతురు ఫర్జానాకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు వేసింది. పాత కేలండరు వెనక తన పేరు రకరకాలుగా రాసి చూసుకుంది.

ఆ రోజు పదకొండింటికి హాలు యజమాని దుర్గారావు వ్యాను తీసుకుని వచ్చాడు. ఆరి సిద్ధంగా ఉన్న ఆ సముద్రం ముందు నిలబడి ఫోనులో వీడియో తీస్తూ, "ఈ వయసులో ఇంత బొమ్మ ఒక్కరే వేశారా మాస్టారూ?" అని అడిగాడు.

"ఒక్కణ్ణేనండి."

"మరి ఆవిడ?" ఫోను బషీరా వైపు తిరిగింది.

మాస్టారు ఆమె వైపు చూడలేదు. "మన బషీరా అండి. బ్రష్షులవీ కడిగిపెడుతుంది. నమ్మకమైన మనిషి."

బషీరా చేతిలో బ్రష్షు అలాగే ఉంది. మెల్లగా కిందికి దించింది.

దుర్గారావు డ్రైవర్ని పిలవడానికి బయటికి వెళ్లాడు. మాస్టారు సంతకం కోసం వంగారు. చెయ్యి నిలవలేదు. "అమ్మా, వాళ్లొచ్చేలోగా నా పేరు నువ్వు రాసెయ్," అన్నారు గొంతు తగ్గించి.

"నా పేరు కూడా వేద్దామన్నారు కదండీ."

"ఇప్పుడెలాగమ్మా? ఒక్కణ్ణే వేశానని చెప్పేశాను కదా. వచ్చే బొమ్మకి చూద్దాంలే."

బషీరా సన్న బ్రష్షు తీసుకుంది. ఆ పేరుని వంకరగా గీసెయ్యాలని ఒక్క క్షణం అనిపించింది. చెయ్యి ఒప్పుకోలేదు. ముస్తాక్ దగ్గర నేర్చుకున్న గుండ్రటి అక్షరాల్లో ఆయన పేరు రాసింది. బొమ్మని ఎత్తుతున్నవాళ్లతో, "ఆ మూల పట్టుకోకండి, పేరింకా తడిగా ఉంది," అని చెప్పింది.

మధ్యాహ్నం అన్నం తినలేదు. ఉన్న బ్రష్షులన్నీ ముందేసుకుని, కుచ్చుల మొదట్లో ఇరుక్కున్న రంగు కూడా వదిలేదాకా సబ్బుతో కడిగింది.

నాలుగింటికి, "వెళ్తానండీ మాస్టారూ," అంది. రోజూ 'వస్తానండీ' అనే మనిషి. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "రేపు కాస్త పెందలాడే రా. కోడూరు వాళ్లది మొదలెట్టాలి," అన్నారు.

మర్నాడు ఆమె రాలేదు. మూడోనాడు మాస్టారు కబురంపితే ఇంటికి తాళం ఉంది. కృత్తివెన్నులో కూతురి దగ్గరికి వెళ్లిపోయిందనీ, అక్కడ రొయ్యల షెడ్డులో పనికి కుదిరిందనీ పక్కింటివాళ్లు చెప్పారు.

స్టూడియో తలుపు వెనక మేకుకి, ఆమె చీర మీద రంగు పడకుండా తొడుక్కునే మగవాళ్ల చొక్కా వేలాడుతోంది. దాని కుడిచెయ్యి ఏళ్లనాటి రంగుకి బిరుసెక్కిపోయి, లోపల మనిషి లేకపోయినా మోచేతి దగ్గర వంగే ఉంది.