ఉప్పుమళ్ళ పెళ్ళికూతురు పగటిపూట

తెక్లా ఎవరితోనూ పైకి అనని మాట ఒకటుంది. రెండేళ్ళ నుంచీ ఎప్పుడు ఫోన్ మోగినా ఆమెకు ముందు ఎలియోనే అనిపిస్తుంది. పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వచ్చినా సరే, కరెంటు కంపెనీ వాళ్ళు చేసినా సరే, ఆ ఒక్క క్షణం మాత్రం ఎలియోనే. ఆ తర్వాత గొంతు సర్దుకుని మామూలుగా "చెప్పండి" అంటుంది.

ఇలాంటిది ఎవరికి చెప్పుకుంటారు? పైగా సొంతూరు కొమాక్కియో వదిలి బొలోన్యాకి వచ్చేసింది తనే. రైలెక్కే రోజు ఎలియో స్టేషనుకొచ్చాడు, పెట్టె పైకి అందించాడు, కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఉండిపో అని ఒక్క మాట అంటే ఉండిపోయేది. అతను అనలేదు. నువ్వూ వస్తావా అని ఆమె అడగలేదు. ఇప్పుడేమో పడవ అమ్మేశాడట. ఆదివారం సార్డీనియా దీవికి వెళ్ళిపోతున్నాడట, అక్కడ చేపల పెంపకంలో ఉద్యోగమట. చెల్లెలు ఈ కబురు ఉల్లిపాయల ధర చెప్పినంత తేలిగ్గా చెప్పింది. తెక్లా "అలాగా, మంచిదేగా" అంది.

పొద్దున్నే, పాత సినిమాలు బాగుచేసే ల్యాబ్ తాళం తీయగానే ఆమె చేసే మొదటి పని నేల తుడవడం. పాత నెగటివ్‌లు ఉన్న చోట ఇది తప్పదు. వాటిలో ఉన్నవాళ్ళు కాస్త కాస్త బయటికి వస్తూనే ఉంటారు. హాస్యచిత్రాలైతే సిగరెట్ల వాసన వదిలి ఊరుకుంటాయి. ఒకసారి గుర్రాల సినిమా వచ్చినప్పుడు మాత్రం ఇంటి యజమాని మెట్ల మీద లద్దె చూసి నానా రభస చేశాడు. ఈ దయ్యం సినిమా వచ్చాక నేల మీద తడి పాదాల గుర్తులు, మూలమూలలా ఉప్పు. రంగులు దిద్దే ఎర్మానో ఆ ఉప్పు చీపురుతో పోగుచేసి, మధ్యాహ్నం తాల్యతెల్లె పాస్తా ఉడికించే నీళ్ళలో వేసేవాడు.

"కొన్న ఉప్పు కంటే ఇదే నయం. దయ్యమైనా వంటొచ్చిన దయ్యం" అనేవాడు.

సినిమా పేరు 'ఉప్పుమళ్ళ పెళ్ళికూతురు'. విడుదలైనప్పుడు వారం కూడా ఆడలేదు. ఇప్పుడు దాని కోసం పడిచచ్చే అభిమానులు ప్రపంచమంతా ఉన్నారు. అందుకే మిలానో నుంచి గల్లెరాని గారు అనే ఆవిడ దాన్ని కొత్తగా శుభ్రం చేయించి డిస్కు వేయిస్తోంది. ఉప్పుమడిలో మునిగి చనిపోయిన పెళ్ళికూతురు ప్రతి రాత్రీ గట్టు మీద నడిచి వస్తుంది. పెళ్ళికొడుకు ఇంటి తలుపు మూడుసార్లు తడుతుంది. అతను తీస్తాడు. అంతే సంగతులు. నడిచినంతసేపూ ఆమె మొహం కనపడదు. అభిమానులకి పిచ్చెక్కించేది ఆ నడకే.

తెక్లా ఈ పని ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఊళ్ళో వాళ్ళ పెళ్ళి వీడియోలు బాగుచేస్తూ, ఇంటర్నెట్‌లో చూసి, పాడుచేసి, మళ్ళీ చేసి నేర్చుకుంది. ఈ సినిమాని హాల్లో ఎప్పుడూ చూడలేదు, కథ కూడా అరకొరగానే తెలుసు. నడుం పట్టేసి ఎర్మానో రెండు వారాలు ఇంట్లో పడుకున్నప్పుడు, గట్టు మీది నడక రీలు ఆమె ఒక్కతే చేసింది. నెగటివ్ మీద ఎండ ధగధగా ఉంది. గీతలన్నీ మెషీన్‌కి వదలకుండా చేత్తో తుడిచింది, ఆకాశానికి జనవరి నీలం తెచ్చింది, ఉప్పు కుప్పలు మెరిసేలా చేసింది. ఎంత బాగా వచ్చిందో అని తనకి తనే మురిసిపోయింది.

ఎర్మానో తిరిగొచ్చిన రోజు బెల్టు కట్టుకున్న నడుంతో మెల్లగా కుర్చీలో కూర్చుని, తెర వంక చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇదేంటమ్మాయ్?"

"గట్టు సీనండీ. ఎలా ఉంది?"

"మా అత్తగారి సముద్రతీరం ఫొటోల్లా ఉంది. రాత్రేదీ?"

"రాత్రా?"

"ఓసి పిల్లా! అది అర్ధరాత్రి. అంత గట్టుకి లైట్లు పెట్టే స్తోమత ఎవడికుంది? మిట్టమధ్యాహ్నం తీసి, హాళ్ళకి పంపే కాపీల్లో చీకటి చేసేవాళ్ళం. నెగటివ్‌లో చీకటి ఉండదు. చీకటి ల్యాబులో పుడుతుంది. పుట్టించేవాణ్ణి నేను. నువ్వు మా దయ్యాన్ని ఎండకి తిప్పావు!"

తెక్లా మొహం కందిపోయింది. "నాకెవరు చెప్పారు? మీరేమో నడుం పట్టుకుని పడుకున్నారు."

"నా నడుం సంగతి నీకెందుకు? ఏదీ, నడిపించు."

ఆమె నడిపించింది. పెళ్ళికూతురు గట్టెక్కింది. మామూలుగా అయితే తిన్నగా ఇంటి వైపు నడవాలి. సగం దూరం వచ్చి ఆగిపోయింది. చేత్తో కళ్ళకి నీడ పట్టుకుని ఎదుటి ఇంటిని చూసింది. ఎండలో అది ఇల్లు కాదు. వెనక కర్రలు ఊతం పెట్టిన చెక్క గోడ, దానికి రంగు వేసిన కిటికీ.

"పది రోజులుగా ఇంతే. ఇక్కడే ఆగిపోతోంది" అంది తెక్లా. "ఆ తర్వాత ఎడమ వైపు చూస్తుంది. అటు ఎవరో ఉన్నారు, కోటు పట్టుకుని. చెరిపేద్దామనుకున్నా."

ఎర్మానో ముందుకి వంగాడు. బొమ్మకి ఎడమ అంచున సన్నటి పట్టీలో ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. సినిమా కాపీల్లో ఆ అంచు మీద శబ్దం పట్టీ వచ్చి పడుతుంది కాబట్టి, షూటింగులో అక్కడ ఎవరు నిలబడినా పట్టించుకునేవాళ్ళు కారు. చలికి ముక్కు ఎర్రబడి, ఆడవాళ్ళ ఉన్ని కోటు రెండు చేతులా పరిచి పట్టుకున్నాడు వాడు.

"చెరిపావా?"

"లేదు."

"చెరపకు. అది నేను."

వేలితో తెర మీది పెళ్ళికూతుర్ని చూపించాడు.

"ఆమె పేరు దోరాలిచె" అన్నాడు. "ఆ చలిలో పల్చటి గౌను. షాటు అవగానే కప్పాలని నేను కోటు పట్టుకుని నిలబడేవాణ్ణి. అది నా పని కూడా కాదు. షూటింగులో కెమెరా పెట్టెలు మోయడం నా పని, ల్యాబు పని ఆ తర్వాత. ఎంత త్వరగా కప్పితే అంత మంచిదని అంచుదాకా వచ్చేసేవాణ్ణి. ఆమె ఒక్కసారీ ఇటు చూడలేదు. అటు పక్కనుంచి హీరోగారి కారెక్కి వెళ్ళిపోయేది."

"పిలవకపోయారా?"

"షాటు నడుస్తుంటే పిలుస్తారా ఎవరైనా?"

తెక్లా అతని వంక వింతగా చూసింది. "అప్పుడు శబ్దం తీయలేదు కదా! మాటలన్నీ తర్వాత రోమ్‌లో వేరేవాళ్ళు చెప్పారు. మీరు గొంతు చించుకుని అరిచినా సినిమాకి ఏమయ్యేది? ఎవరికి వినపడేది, ఆమెకి తప్ప?"

ఎర్మానో కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవసాగాడు. అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాలవి. తుడుస్తూనే ఉన్నాడు.

"నిజమే" అన్నాడు. "ఏమీ అయ్యేది కాదు." ఇంకాస్త తుడిచి, "పోయిన ఏడు పోయింది. ఫెర్రారాలో. పేపర్లో చూశాను" అన్నాడు.

తర్వాత పనిలో పడ్డారు. అతను రాత్రిని పుట్టించాడు. ఆకాశం నల్లబడింది, ఉప్పు కుప్పలు బూడిదరంగుకి తిరిగాయి, చెక్క గోడ మళ్ళీ ఇల్లయింది, కిటికీలో దీపం వెలిగింది. చీకట్లో అయితే ఆమె మళ్ళీ పాత దారి పడుతుందనుకున్నారు ఇద్దరూ. పెళ్ళికూతురు గట్టెక్కింది. సగం దూరం వచ్చింది. కిటికీ వైపు చూడనైనా చూడలేదు. ఎడమకి తిరిగి, ఒకసారి చూసిపెట్టుకున్న దారిలా తడుముకోకుండా నడిచి, కోటు పట్టుకున్న కుర్రవాడి ముందు వెన్ను తిప్పి నిలబడింది. వాడు కప్పాడు. వాడి చేతులు ఒక్క క్షణం ఆమె భుజాల మీద ఉండిపోయాయి. ఇద్దరూ బొమ్మలోంచి వెళ్ళిపోయారు.

ఎర్మానో కుర్చీలో వెనక్కి వాలాడు. రీలు ఇంకోసారి వేయమని అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం గల్లెరాని గారు మిలానో నుంచి రైల్లో వచ్చింది, గొడుగు మీది నీళ్ళు విదిలిస్తూ. సీను చూసింది. పెళ్ళికూతురు పక్కకి వెళ్ళిపోయింది. తలుపు దగ్గర మూడు చప్పుళ్ళు మాత్రం మిగిలాయి, శబ్దం వేరేగా ఉంది కాబట్టి. హీరో తలుపు తీశాడు. గుమ్మంలో ఎవరూ లేరు. ఆ ఖాళీ వంక చూస్తూ అతను మెల్లగా కుప్పకూలాడు.

"ఆవిడేది?" అంది గల్లెరాని గారు.

"ఇంక రాదండీ" అన్నాడు ఎర్మానో. "ఆవిడకి వేరే పనుంది."

"అభిమానులు నన్ను బతకనిస్తారా?" అని కేకేసింది. మళ్ళీ వేయించుకుని చూసింది. ఈసారి బ్యాగు గుండెకి హత్తుకుంది. "అమ్మ బాబోయ్. తలుపు తీస్తే ఎవరూ లేకపోవడం... ఇదింకా ఘోరంగా ఉంది. ఇలాగే ఉంచండి. డబ్బా మీద ఏం రాసుకోవాలో నేను చూసుకుంటాను."

ఆవిడ వెళ్ళాక తెక్లా నేల తుడవడానికి గుడ్డ తెచ్చింది. అంతకుముందు గది నిండా తిరిగిన తడి పాదాలు ఇప్పుడు స్కానర్ దగ్గర మొదలై ఎర్మానో కుర్చీ దాకా వచ్చి, దాని వెనక ఆగిపోయాయి. అతను కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. నడుం బెల్టు విప్పి బల్ల మీద పెట్టాడు. నెల రోజుల్లో మొదటిసారి తిన్నగా, హాయిగా కూర్చున్నాడు. కుర్చీ చుట్టూ తుడవబుద్ధి కాలేదు ఆమెకి.

గుడ్డ బకెట్లో వేసి మెట్ల మీదికి వచ్చి కూర్చుంది. ఎర్మానోని ఎంత సులువుగా అడిగేసింది, ఎవరికి వినపడేది, ఆమెకి తప్ప అని! ఆ మాట ఇప్పుడు తన చెవిలోనే గింగురుమంటోంది. రైలు కిటికీ దగ్గర నిలబడ్డవాడి చేతులు గుర్తుచేసుకోబోయింది. గుర్తు రాలేదు. అతని వైపు సరిగ్గా చూడనే లేదు ఆ రోజు. ఉండిపొమ్మనడం లేదనే కోపంతో తన ఒళ్ళో ఉన్న టిక్కెట్టునే చూస్తూ కూర్చుంది.

ఎలియో వెళ్ళనంటాడో, వెళ్తానంటాడో. నువ్వెవరు అడగడానికి అనొచ్చు కూడా. అననీ. వెళ్ళొద్దని తనకి ఉందన్న సంగతి అతనికి తెలియాలి, అంతే. ఏమని మొదలుపెట్టాలో మాత్రం తోచలేదు. తోచే దాకా ఆగితే ఆదివారం వచ్చేస్తుంది.

ఇప్పుడే ఫోన్ చేస్తాను అనుకుని, తడి చేతులు గౌనుకి తుడుచుకుంది.