వదిన బిగించిన సైకిల్

ఆ మేడలో కింది వాటా నుంచి పై వాటా దాకా అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. నిజానికి ఆమె ఒక్క మనిషికే వదిన. కానీ ఆ ఒక్క మనిషి, అంటే భర్త చెల్లెలు, మెట్ల మీద నుంచీ బాల్కనీలోంచీ వీధి మలుపు నుంచీ కూడా "వదినా!" అని గొంతు చించుకుని అరుస్తుంది గనక ఆ పిలుపే అందరి నోళ్ళకూ అలవాటైపోయింది. ఆ పిల్లను ఇంట్లో పిట్ట అంటారు. కాలు ఒకచోట నిలవదు, తిన్నది ఒంటికి పట్టదు, నోరు మూతపడదు.

వదిన కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. పగలంతా మైనంతో, ప్లాస్టరుతో ఎవరివో దవడలు. సాయంత్రమైతే ఇంట్లో వెనకగదిలో సైకిళ్ళు. పాత ఇనుప ఫ్రేములు కొని తెస్తుంది, తుప్పు గీకుతుంది, రంగు వేస్తుంది, గేర్లన్నీ పీకేసి ఒక్క గేరుతో బిగిస్తుంది. "పొద్దున మనుషుల పళ్ళు, సాయంత్రం చక్రాల పళ్ళు. మా ఆవిడకు పళ్ళు తప్ప లోకం లేదు" అంటాడు భర్త. అతను రొట్టెల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసి, తెల్లారాక పడుకునే మనిషి.

వదినకు ఇంకో సంగతి కూడా ఉంది. భయం. ఇస్త్రీపెట్టె తీసేశానా అని బస్సు దిగి వెనక్కి వస్తుంది. ఎవరైనా చెప్పిన వేళకు ఇంటికి రాకపోతే గుమ్మంలో నిలబడుతుంది. లిఫ్టు కొంచెం గీసుకున్నట్టు చప్పుడైతే ఆ వారమంతా అందరినీ మెట్లెక్కిస్తుంది. ఇంట్లో వాళ్ళకు మొదట్లో విసుగు వచ్చేది. తరవాత నవ్వు వచ్చేది. ఇప్పుడు రెండూ రావు, చెవిన వేసుకోవడం మానేశారు.

పిట్టకు ఒక ఆడవాళ్ళ సైకిల్ బృందంతో కొత్తగా స్నేహం కలిసింది. వాళ్ళలో సగంమందివి ఫిక్స్‌డ్ గేరు సైకిళ్ళు. అంతే, తనకూ అదే కావాలని పట్టుబట్టింది. మామూలు సైకిల్లో తొక్కడం ఆపినా చక్రం దాని మానాన అది తిరుగుతుంది, కాళ్ళకు విశ్రాంతి. ఫిక్స్‌డ్ గేరులో ఆ వెసులుబాటు లేదు. వెనకచక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, పెడళ్ళతోపాటు కాళ్ళూ తిరగాలి. ఆగాలంటే కాళ్ళు వెనక్కి బిగబట్టాలి. వెనకచక్రం ఇరుసుకు పళ్ళచక్రం మరతో బిగుసుకుని ఉంటుంది. అది ఊడిపోకుండా దానిమీద ఎదురుమరతో ఒక లాక్‌రింగు. ఆ రింగు సరిగ్గా లేకపోతే తొక్కేటప్పుడు తేడా తెలియదు. ఆపబోయినప్పుడే తెలుస్తుంది.

"ముందుచక్రానికి బ్రేకు పెట్టాల్సిందే" అంది వదిన.

"అబ్బా, బ్రేకు పెడితే దాని అందమంతా పోతుంది. వాళ్ళెవరికీ లేదు వదినా, నవ్వుతారు."

"నవ్వనీ. పళ్ళు రాలితే నా దగ్గరికే రావాలి."

చివరికి బ్రేకుకు ఒప్పుకుంది పిట్ట. తీరా బిగించబోతే వైరు పొట్టిదైంది. కొత్తది తెచ్చేదాకా పార్కు చుట్టూ చదునుగా ఉన్న దారిలోనే తిరుగుతానని, ఇంకెక్కడికీ వెళ్ళనని తలమీద చెయ్యి పెట్టుకుని మరీ మాటిచ్చింది.

ఆదివారం పొద్దున వదిన లేచేసరికి సైకిలూ లేదు, పిట్టా లేదు. పార్కుకు వెళ్ళి ఉంటుందనుకుని వెనకగది ఊడ్చడానికి వెళ్ళింది. చీపురు కొసకు ఏదో తగిలి టింగుమంది. వంగి తీసింది. లాక్‌రింగు.

మొదట ఏమీ అనిపించలేదు. ఇరుసుతోపాటు వచ్చిన పాత రింగు మర తినేసి ఉంటే, ల్యాబు నుంచి వస్తూ కొత్తది కొంది. పాతది పారేయాలనుకుంది. ఇదే ఆ పాతది అయి ఉంటుంది. అనుకుంటూనే కిటికీ దగ్గరికి నడిచింది. వెలుతురులో పెట్టి, పంటి అంచు చూసినట్టు, గోటితో మర వెంట మెల్లగా గీసింది. గోరు ఎక్కడా జారలేదు. మర నున్నగా, పదునుగా, చెక్కుచెదరకుండా ఉంది.

ఇది కొత్తది.

వదిన నిన్న సాయంత్రం జరిగింది గుర్తు చేసుకుంది. రింగులు రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టింది. అప్పుడే ల్యాబు యజమాని ఫోన్. ఎవరో పెద్దాయనకు పళ్ళ సెట్టు కొరుకుడు కుదరలేదట, మాట సరిగ్గా పలకడం లేదట. ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని సంజాయిషీ చెబుతూనే, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చేతులను నమ్మింది. ఇన్నేళ్ళుగా ఎప్పుడూ మోసం చేయని చేతులు.

పిట్టకు ఫోన్ చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే.

పడకగదిలోకి పరుగెత్తింది. "ఏవండీ, లేవండీ. పిట్ట ఎటు వెళ్ళిందో తెలుసా?"

భర్త దిండులోంచే మాట్లాడాడు. "ఇప్పుడే కదే కన్ను మూసింది... ఎవరో ఫ్రెండ్సు వచ్చారు. వాటర్ ట్యాంకు గుట్ట అంటున్నారు."

"గుట్టకా! పార్కు అంది కదా!"

"నాతో గుట్ట అనే అంది. అరవకు తల్లీ, ఎక్కి దిగి వచ్చేస్తుంది."

"దిగడమేనండీ నా భయం! రింగు మారిపోయింది, ఇదిగో!" అంటూ రింగు అతని ముక్కు ముందు పెట్టింది.

అతను ఒక కన్ను తెరిచి చూశాడు. దాంట్లో అతనికి రింగు తప్ప ఇంకేం కనబడలేదు. "పోయిన నెల లిఫ్టు తాడు తెగుతుందన్నావు. అంతకుముందు పక్కింటి గోడ కూలుతుందన్నావు. నీ లెక్కన మనందరం ఈపాటికి పోయి ఉండాలి. కాసేపు పడుకో, అదే వస్తుంది" అని అటు తిరిగాడు.

అతన్ని తప్పుబట్టే తీరిక కూడా లేదు వదినకు. రింగు జేబులో వేసుకుని, తన సైకిల్ భుజాన ఎత్తుకుని మెట్లు దిగింది. అదీ ఒక్క గేరుదే, కానీ తొక్కడం ఆపినా చక్రం తిరిగే ఫ్రీవీలు ఉంది, ముందూ వెనకా బ్రేకులున్నాయి.

ఆదివారం వీధి మెల్లగా లేస్తోంది. లాండ్రీ షట్టరు సగం ఎత్తి ఉంది, ఎవరో బాల్కనీ కడిగిన నీళ్ళు రోడ్డు మీదికి ధార కడుతున్నాయి. సిగ్నలు దగ్గర ఒంటికాలి మీద ఆగింది. ఎర్రలైటు ఎంతకీ మారలేదు. ఎక్కడో అంబులెన్సు కూత వినబడింది. అది దగ్గరపడుతోంది. గుట్టవైపు వెళ్తుందా? వెళ్తే ఏం చేయాలి? దాని వెంట పడాలా? అంబులెన్సు కూడలి దాకా వచ్చి, నదివైపు రోడ్డులోకి తిరిగి వెళ్ళిపోయింది. హమ్మయ్య అనుకుంది. ఆ లోపల ఉన్నది కూడా ఎవరికో పిట్టే కదా అనిపించి, అలా అనుకున్నందుకు సిగ్గుపడింది.

గుట్ట మొదట్లో కాఫీ అమ్ముకునే ఆయన బండి సర్దుకుంటున్నాడు. "బాబాయ్, సైకిళ్ళ మీద ఆడపిల్లలు ఇటు వచ్చారా?"

"వచ్చారమ్మా, ఓ గుంపు. ఒక సన్నటి పిల్ల అందరికంటే ముందు దూసుకుపోయింది. భలే తొక్కుతోందిలే."

ముందే ఉంటుంది. వెనక ఉండడం పుట్టాక ఎప్పుడైనా నేర్చుకుంటే కదా.

ఎత్తు మొదలైంది. గేరు మార్చుకోవడానికి లేదు, ఉన్నదే ఒకటి. సీటు మీద నుంచి లేచి, ఒళ్ళంతా పెడళ్ళ మీద వేసి తొక్కింది. ఒక్కో తొక్కుడుకూ మోకాలు మూలుగుతోంది. నోట్లో ఇనుము రుచి. దారి పొడవునా తనలో తను బేరమాడుకుంటూ వెళ్ళింది. పాత రింగే అయినా గట్టిగానే బిగించి ఉంటాను. దిగేటప్పుడు నడిపించుకుంటూ వస్తుందేమో. బ్రేకు లేదని దానికీ తెలుసు కదా. తెలుసు, తెలిసే కదా ఎక్కింది!

ఎదురుగా ఒకావిడ సైకిల్ మీద దిగుతూ కనిపించింది. నెరిసిన జుట్టు, కాళ్ళు నిదానంగా వెనక్కి బిగబడుతూ, అలవాటైన మనిషిలా వస్తోంది. వదిన రోడ్డుకు అడ్డంగా చెయ్యి చాపింది.

"పిట్ట... పిట్ట మీతోనే ఉందా?"

ఆవిడ కొంతదూరం జారి ఆగింది. "మీరేనా వదిన? పైన ఫోటోలు దిగుతోందండీ. బయల్దేరే ఉంటుంది. ఏమైంది?"

"దాని సైకిల్ ఆగదు" అంది వదిన.

ఆవిడ ఫోన్ తీసేలోపే పైమలుపులో పసుపురంగు చొక్కా కనబడింది.

పిట్టే. హ్యాండిల్ మీదికి వంగి, కాళ్ళు గిరగిరా తిప్పుతూ, హాయిగా వస్తోంది. వీళ్ళను చూసి చెయ్యి ఊపబోయింది. మలుపు దగ్గర వేగం తగ్గించాలని కాళ్ళు వెనక్కి బిగబట్టింది. పెడళ్ళు ఆగాయి. సైకిల్ ఆగలేదు.

ఆ క్షణంలో పిట్ట ముఖంలో మారినది ఏమిటో అంత దూరం నుంచీ వదినకు కనబడింది.

"వదినా!"

ఎన్నిసార్లు విన్న పిలుపు! ఈ గొంతుతో ఎప్పుడూ వినలేదు.

వదిన ఏమీ ఆలోచించలేదు. సైకిలును పల్లంవైపు తిప్పి రెండు తొక్కులు గట్టిగా తొక్కింది. తను నిలబడి ఉంటే ఆ పిల్ల పక్కనుంచి రాయిలా దూసుకుపోతుంది. తనూ అదే వేగంతో కదులుతూ ఉంటే చెయ్యి అందుతుంది. వెనక చైను తపతపా కొట్టుకునే చప్పుడు దగ్గరకొచ్చింది.

"నా కుడిపక్కకు రా! భుజం పట్టుకో!"

"ఊడిపోయింది వదినా, ఏదో ఊడిపోయింది!"

"తెలుసు! ఒక్క చెయ్యే, హ్యాండిల్ వదలకు! భుజం పట్టుకో!"

చేతి వేళ్ళు భుజంలోకి మేకుల్లా దిగాయి. వదిన సైకిల్ ఒక్క ఊపు ఊగింది. వెనకబ్రేకు నొక్కింది, తరవాత ముందుది, కొంచెం కొంచెంగా, మైనం మీద కత్తి పెట్టినంత జాగ్రత్తగా. గట్టిగా నొక్కితే ఇద్దరూ బోర్లాపడతారు. రబ్బరు కాలిన వాసన. కింద మలుపులోంచి బస్సు ముందుభాగం బయటికొచ్చింది. రోడ్డు పక్క, గుట్ట మట్టి జారకుండా కట్టిన గోడ బాగుచేయడానికి పోసిన కంకరగుట్ట కనబడింది. "ఎడమకు!" అని అరిచి అటు తిప్పేసింది.

ఇద్దరూ, రెండు సైకిళ్ళూ ఒకే పోగుగా కంకరలో కూలబడ్డారు. బస్సు హారను కొట్టుకుంటూ పక్కనుంచి పోయింది. "ఇంట్లో చెప్పొచ్చారా!" అన్న డ్రైవరు కేక వెనకపడి వినబడింది.

పిట్ట మోచెయ్యి చెక్కుకుపోయింది. వదిన మోకాలి నుంచి రక్తం కారుతోంది. ఇద్దరికీ నొప్పి ఇంకా తెలియలేదు. పిట్టకు ముందు నవ్వొచ్చింది, ఆ నవ్వులోంచే ఏడుపొచ్చింది. వదిన మాత్రం వెనకచక్రం తన ఒళ్ళోకి లాక్కుంది. పళ్ళచక్రం ఇరుసు కొసన వేలాడుతోంది. రింగు వేలితో కదిపితే చాలు, చేతిలోకి వచ్చేసింది. మర అంతా పొడిపొడిగా రాలుతోంది.

"ఇది నా పని" అంది వదిన. "చెత్త రింగు వేసింది నేనే. నిన్న ఫోన్లో మాట్లాడుతూ బిగించాను. నీకేమైనా అయితే..."

పిట్ట ముక్కు తుడుచుకుంది. "ఎక్కేటప్పుడే టక్ టక్‌మని కొట్టుకుంది వదినా. దిగి చూద్దామనుకున్నాను. మళ్ళీ, నువ్వు బిగించాక చూసేదేముందిలే అనుకున్నాను. మనింట్లో నీకంటే జాగ్రత్త ఎవరికుంది?"

ఆ మాట వినేదాకా ఓర్చుకుంది వదిన. అక్కడ కంకర మీద కూర్చుని, నెరిసిన జుట్టావిడ చూస్తున్నా సరే, భోరుమంది.

కాసేపటికి పక్కింటివాళ్ళ స్కూటరు మీద భర్త వచ్చాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు, కళ్ళల్లో ఇంకా నిద్ర. "ఆ ఇనుపముక్క కళ్ళ ముందు తిరుగుతూనే ఉంది, నిద్ర పట్టలేదు" అన్నాడు. చెల్లెలి మోచెయ్యి చూశాడు, భార్య మోకాలు చూశాడు. జేబురుమాలు తీసి, ఎవరికి కట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తరవాత చాలా రోజులు వదిన వెనకగది తలుపు తీయలేదు. ల్యాబులో ఒక్కో పళ్ళ సెట్టునూ తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంటే, యజమానే వచ్చి "చాలమ్మా, ఇక పంపించు" అని చేతిలోంచి తీసుకోవాల్సి వచ్చింది. ఇంట్లో ఇంకో మార్పు వచ్చింది. ఆమె ఏదైనా భయం నోటివెంట అంటే చాలు, భర్త లేచి వెళ్ళి చూసి వస్తున్నాడు. అది ఆమెకు ఇంకా ఇబ్బందిగా ఉంది. ఏ భయం చెప్పాలో, ఏది మింగాలో తేల్చుకోలేక సతమతమైపోతోంది.

చివరికి పిట్టే తలుపు తీసింది. ఊడిన చక్రం బల్లమీద పెట్టి, "నువ్వు చెప్పు, నేను బిగిస్తాను" అంది. వదిన చెప్పింది. గ్రీజు ఎంత రాయాలో, పళ్ళచక్రం ఎటు తిప్పాలో, రింగు దానికి ఎదురుగా ఎటు తిప్పాలో, అన్నీ రెండేసి సార్లు చెప్పింది. మూడోసారి మొదలుపెట్టగానే పిట్ట ఆమెను భుజాలు పట్టుకుని గదిలోంచి బయటికి నడిపించి తలుపు దగ్గరికి వేసింది.

వదిన హాల్లో కూర్చుంది. లోపల స్పానరు జారిన చప్పుడైంది. లేచి వెళ్ళి తలుపు కొంచెం తోసింది.

"రావద్దన్నానా!"

"నీళ్ళు తాగుదామని."

"నీళ్ళు వంటింట్లో ఉంటాయి వదినా."

తిరిగి వచ్చి భర్త పక్కన కూర్చుంది. అతను టీవీ వైపు చూస్తున్నాడు గానీ, శబ్దం ఎప్పుడు తగ్గించాడో, టీవీలోంచి మాట వినబడడం లేదు.

"భయంగా ఉందా?" అన్నాడు మెల్లగా.

"ఉంది."

"నాకూ ఉంది" అన్నాడు.

ఇద్దరూ అలాగే చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. లోపల స్పానరు మళ్ళీ కదిలింది.